మూడో పిలుపు

ఈ సంగతి ఇన్నేళ్లూ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు అక్షరాలు రావు, అంతే. చిన్నప్పుడు నన్ను బడికి పంపలేదు. పంపినా అక్కడ నేర్పేది అరవమే. మా ఇంట్లో తాతల కాలం నుంచి మాట్లాడేది తెలుగైనా, దాన్ని చదవగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. మా అత్త పోయిన తర్వాత మేడమీద వాటాలోకి యానాం నుంచి ఒకామె అద్దెకు వచ్చింది. మధ్యాహ్నాలు పలక ముందు పెట్టుకుని ఆమె దగ్గర గుణింతాలు దిద్దుకున్నాను. అప్పటికే నా కళ్లకు అద్దాలు వచ్చేసినాయి.

రాయడం వచ్చాక మొదట గుర్తొచ్చింది మా అత్త తప్పిపోయిన రోజు.

అప్పుడూ మేముండేది ఉప్పళం పేటలో, ఈ ఇంట్లోనే. అత్తకు అప్పటికే మతిమరుపు ముదిరింది. అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చి, "ఏమ్మే, ఈ పూట నాకు అన్నం లేదా?" అనేది. వాదించే ఓపిక లేక మళ్లీ ఒక ముద్ద కలిపి పెట్టేదాన్ని. ఆమె మరిచిపోనివి రెండే. ఒకటి, కిరుమాంబాక్కం దగ్గర తాను పండించిన చేను. రెండోది పిలుపు సంగతి.

"చేలో గానీ కంపలో గానీ ఎవరన్నా పిలిస్తే వెంటనే పలకొద్దు. గాలిలో తిరిగేది ఒకసారి పిలస్తాది, మించితే రెండుసార్లు. మూడోసారి దానికి నోరు రాదు. అదే గొంతు మూడోసారి పిలిస్తేనే మనిషి" అనేది. పెళ్లయిన కొత్తలో నేను మొదటి పిలుపుకే "ఆఁ" అన్నానని నెత్తిన మొట్టింది. ఇంట్లో కూడా మూడో పిలుపుకు గానీ పలికేది కాదు. పాలు పోసే ఆయన ఆమెకు చెవుడనుకున్నాడు. వీధి అంతా అదే అనుకుంది. విడమరిచి చెప్పలేక మేమూ ఊరుకున్నాం.

నడివేసవి, అగ్నినక్షత్రం ఎండలు. రేషన్ అంగడికి పోయి వచ్చేసరికి వీధి తలుపు తెరిచి ఉంది, అత్త లేదు. బస్టాపు దగ్గర పూలమ్మే ఆమెను అడిగితే, "కడలూరు రోడ్డు బస్సెక్కింది గదక్కా. యాడికవ్వా అంటే చేనికి నీళ్లు కట్టల్ల అనింది" అని చెప్పింది.

ఆ చేను అమ్మేసి చాలా ఏళ్లయింది. కొన్నవాళ్లు సేద్యం చేయలేదు. చుట్టుపక్కల చేలతో కలిసి అదంతా సీమతుమ్మ అడవి అయిపోయింది. మా ఆయనకు కబురు చెప్పి, ఎదురింటి ఆటో అతన్ని పిలుచుకుని పోయినాం.

చేల అంచున మేకలు కాసే ఆమె, పొద్దున ఒక ముసలామె లోపలికి పోవడం చూశానంది. లోపలంటే, నడవడానికి దారి లేదు. ముల్లు చెప్పును చీల్చుకుని కాలికి దిగుతుంది. చెట్లున్నాయే గానీ నీడ లేదు. నేల పగిలిపోయి ఉంది. కంప మధ్యలో గట్టు లేని పాత బావులు. దగ్గరికి పోయేదాకా అక్కడ బావి ఉందని తెలియదు.

మొదటి బావి పక్కనే అత్త చెప్పు ఒకటి దొరికింది. ఊళ్లోవాళ్లు బావిలో పడిన బిందెలు తీసే కొక్కేలు తెచ్చి తాడు కట్టి వదిలినారు. కొక్కెం దేనికో తగులుకుంది. మా ఆయన తాడు పట్టుకోలేక పక్కకు పోయి కూర్చున్నాడు. పైకి లాగితే కుళ్లిన తుమ్మకొమ్మ.

ఫ్రెంచివాళ్ల నాటి ఎర్రటోపీ పెట్టుకున్న పోలీసు అప్పుడే వచ్చినాడు. చెమట తుడుచుకుంటూ అరవంలో, "ఏమ్మా, కోడలి పోరు పడలేక వచ్చేసిందా?" అన్నాడు.

"నేనే రావాల్సింది సార్, ఆమె పోరు పడలేక. ఆమె ముందొచ్చేసింది" అన్నాను. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

మధ్యాహ్నమంతా వెతికినాం. తలా ఒక దిక్కు. ఒకరు "అవ్వా" అని, ఒకరు "పెద్దమ్మా" అని, మా ఆయన "అమ్మా" అని. అందరూ నడుస్తూనే అరిచినారు. నా గొంతు ఎండి బొంగురుపోయింది. పొద్దు వాలింది. చూపు ఆనకపోతే బావులు కనపడవు, పురుగూ పుట్రా తిరిగే చోటు, తెల్లారి వద్దామన్నాడు పోలీసు. ఆ ఎండలో నీటిచుక్క లేకుండా ఉన్న ముసలి ప్రాణం తెల్లారేదాకా ఆగదని అందరికీ తెలుసు.

ఆటో అతను నా చేతికి నీళ్ల సీసా ఇస్తూ, "చెవుడు గదక్కా ఆయమ్మకు, మన అరుపులు యాడ వినపడతాయి" అన్నాడు.

"చెవుడేం లేదు" అన్నాను. అన్న తర్వాత తట్టింది. ఇన్ని గొంతులు, తలా ఒక పిలుపు. ఏ గొంతూ ఒకచోట నిలబడి మూడుసార్లు పిలవలేదు.

"అందరూ నోరు మూసుకుని ఉన్నచోటనే నిలబడండి" అన్నాను.

"ఇంతమంది అరిస్తే పలకంది నీకు పలుకుతుందా?" అన్నాడు మా ఆయన.

"నువ్వూరుకో అయ్యా."

నీళ్లు తాగి, ఇంట్లో పిలిచినట్టే పిలిచినాను. అత్తా. ఆగినాను. అత్తా. మేకల గంటలు తప్ప ఏమీ లేదు. మూడోసారి పిలవాలంటే భయమేసింది. దానికీ పలకకపోతే ఇక పిలవడానికి ఏముంది?

"అత్తా."

"ఏందే?"

మేము రెండుసార్లు దాటిపోయిన పొద వెనకనుంచే. గొంతు పీలగా ఉన్నా విసుగు మాత్రం ఎప్పటిదే. ముల్లు దిగి వాచిన కాలు చాపుకుని, కొంగు తలమీద కప్పుకుని కూర్చుని ఉంది. నీళ్లు పట్టిస్తుంటే సీసా పక్కకు నెట్టి, "పొద్దటినుంచి గుంపులు గుంపులుగా పిలస్తా ఉండాయి మే. మావాడి గొంతుతో కూడా పిలిచినాయి. ఒక్కదానికీ పలకలేదు నేను" అంది. మా ఆయన అక్కడే కూలబడి ఏడ్చినాడు.

డాక్టరు దగ్గర ముల్లు తీయించి ఇంటికొచ్చినాక ఆయన ఒకటే మాట అన్నాడు, "బయటినుంచి గడియ పెట్టల్ల."

మరుసటి పొద్దున నా కాళ్లలో ముళ్లు పిన్నీసుతో తీసుకుని, కుంటుకుంటూ బస్టాపుకు పోయినాను. పూలామెకు, టీ అంగడి ఆయనకు, బస్సు కండక్టరుకు చెప్పినాను, మా అత్త కనపడితే నిలబడి ఒకే గొంతుతో మూడుసార్లు పిలవమని.

"టీ ఇయ్యాలన్నా మూడుసార్లేనా?" అన్నాడు టీ ఆయన.

"టీకైనా అంతే" అన్నాను.

తిరిగి వస్తూ ఇనుప సామాన్ల అంగడిలో గడియ కూడా కొనుక్కుని వచ్చినాను.