మైకు ఆపని ప్లీడరు

నరసరావుపేటలో సివిల్ దావాలు చూసే ప్లీడర్లలో త్రికోటేశ్వరరావుది మంచి పేరు. రొంపిచర్ల వైపు పల్లెలో పుట్టి, గుంటూరులో లా చదివి, పాతికేళ్ళు దాటింది ఆయన నల్లకోటు వేసుకుని. గొప్ప వాదనాపటిమ ఉందని ఎవరూ అనరు. కానీ ఆయన చెవిన పడ్డ మాట బయటికి పొక్కదని పల్లెల్లో ఒక నమ్మకం. అన్నదమ్ముల మీద దావా వెయ్యాలంటే జంకే ఆడవాళ్ళు కూడా బరంపేటలో ఆయన ఆఫీసు మెట్లు ధైర్యంగా ఎక్కేవాళ్ళు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

చట్టాలు మారిపోతున్నాయి, కేసులు కంప్యూటర్లో ఫైలు చెయ్యమంటున్నారు, మనమూ చదువుకోకపోతే వెనకబడతామని ఆదినారాయణ అనే పెద్ద ప్లీడరు కొందరిని కూడగట్టి శనివారం సాయంత్రాలు ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టాడు. చుట్టుపక్కల కోర్టుల్లో పనిచేసేవాళ్ళు చానామంది చేరారు. పెద్దాయన పిలిస్తే కాదనడం బాగుండదని త్రికోటేశ్వరరావు కూడా చేరాడు.

చేరాడే గానీ విన్నది లేదు. క్లాసు మొదలయ్యే వేళకి ఫోన్లో లింకు నొక్కడం, కెమెరా ఆపెయ్యడం, పేరు పిలిస్తే ఉన్నానని చెప్పడం, తర్వాత సౌండు పూర్తిగా తగ్గించి ఫోను బల్ల మీద బోర్లించి తన పని తాను చూసుకోవడం. క్లాసులు అయ్యాక సర్టిఫికెట్ వచ్చేది. దాన్ని ఫ్రేము కట్టించి కుర్చీ వెనక గోడకి తగిలించేవాడు. వచ్చినవాళ్ళు వాటి వంక చూసి, ఈ వయసులో కూడా చదువుతున్నారే అని మెచ్చుకుంటే కాదనేవాడు కాదు.

ఆ శనివారం పాఠం, కక్షిదారు చెప్పుకున్న మాటని ప్లీడరు ఎట్టా కాపాడాలి అన్నది. ఆయన అదీ చూసుకోలేదు. ఆదినారాయణ పేర్లు పిలుస్తుంటే మైకు నొక్కి, "ఉన్నానండీ" అన్నాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో మల్లీశ్వరి కనపడింది. రామ్మా అంటూ సౌండు తగ్గించి ఫోను బోర్లించాడు. మైకు ఆపడం మర్చిపోయాడు.

మల్లీశ్వరిది నూజెండ్ల. భర్త పోయాడు. తండ్రి పొలంలో వాటా ఇవ్వనన్నందుకు తమ్ముడు నాగేశ్వరరావు మీద దావా వేసింది. చెయ్యెత్తు మనిషి, గట్టి గొంతు. ఆ రోజు మాత్రం కూర్చుని చానాసేపు కొంగు అంచు సర్దుకుంటూ ఉండిపోయింది.

"ఏమ్మా, వాయిదా ఇంకా ఉందిగా?" అన్నాడు త్రికోటేశ్వరరావు.

"రాజీకి రమ్మని కబురు పెట్టండి లాయరుగారూ. వాడు ఎంత ఇస్తానంటే అంత తీసుకుంటా."

"అదేందమ్మా. పోయిన నెల్లో సెంటు కూడా వదలనన్నావు."

ఆమె తలుపు వంక చూసింది. "రొమ్ములో గడ్డ. గుంటూరులో చూపించుకున్నా. అదేనంట. మందులు ఎక్కించాలన్నారు. ఎవరికీ చెప్పలా. మా అమ్మాయి ధరణికి ఇంజినీరింగ్ ఆఖరి పరీక్షలు. అయ్యాక నేనే చెప్పుకుంటా. మా తమ్ముడికి తెలిస్తే అక్క పని అయిపోయిందిలే అని బిగదీస్తాడు. మీ కడుపులో పెట్టుకోండి."

త్రికోటేశ్వరరావు మనసు నిజంగానే కరిగింది. ఏ డాక్టరు, ఏ దశ, ఎన్నాళ్ళ వైద్యం అని అన్నీ అడిగాడు. తన మేనత్తకి ఇదే వచ్చి తగ్గిందని ధైర్యం చెప్పాడు. అడిగిన ప్రతిదానికీ ఆమె జవాబు చెప్పింది. అంత మంచిగా మాట్లాడాడు ఆయన ఆ సాయంత్రం.

ఇంతలో మెట్ల మీద పరుగున వస్తున్న అడుగుల చప్పుడు. రోహిణి. ఒకప్పుడు ఆయన దగ్గరే జూనియరుగా చేసి, పక్క వీధిలో సొంతంగా ఆఫీసు పెట్టుకున్న పిల్ల. రొప్పుతూ గుమ్మంలో నిలబడి, "సార్, మీ మైకు" అంది.

ఆయన ఫోను తిప్పి చూశాడు. క్లాసు మూసేసి ఉంది. ఆదినారాయణ చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి. ఒకరి మైకు ఇంకొకరు ఎట్టా ఆపాలో పెద్దాయనకి తెలియదు. మ్యూట్ చెయ్యండి, మ్యూట్ చెయ్యండి అని అందరూ అరిచారట. సౌండు లేని ఫోనుకి ఎవరి అరుపు వినపడుతుంది? చివరికి క్లాసే ఆపేశారు.

"ఏంది లాయరుగారూ?" అంది మల్లీశ్వరి.

అక్కడ చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. "ఏం లేదమ్మా, ఏదో క్లాసు ఆగిపోయిందంట" అనేశాడు.

రోహిణి ఆయన ముఖంలోకి చూసి తల దించుకుంది. మల్లీశ్వరి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాక అడిగాడు, "ఎంతవరకు విన్నారు?"

"మొత్తం సార్."

"ఆవిడ పేరు?"

"మీరు అమ్మా అనే అన్నారు, పేరు రాలేదు. కానీ ధరణి అన్న పేరు, తమ్ముడి దావా... తెలిసినవాళ్ళకి తెలిసిపోతుంది. అమర్నాథ్ గారు కూడా క్లాసులో ఉన్నారు."

అమర్నాథ్ నాగేశ్వరరావు తరఫు ప్లీడరు.

ఆ రాత్రి గ్రూపులో, సాంకేతిక లోపం వల్ల అసౌకర్యం కలిగింది, క్షమించండి అని మెసేజి పెట్టాడు. ఒక్కరూ బదులివ్వలేదు. పెట్టిన వాక్యం తనకే అసహ్యమనిపించి తీసెయ్యబోయాడు. తీసేస్తే తీసేసినట్టు కూడా అందరికీ కనపడుతుందని ఊరుకున్నాడు.

సోమవారం కోర్టు వరండాలో అమర్నాథ్ పక్కకి పిలిచాడు. "అన్నా, నేను విన్నా. ఇయర్‌ఫోన్లు తీసేశా, కానీ అప్పటికే విన్నా. నా పార్టీకి పనికొచ్చే మాట తెలిసి చెప్పకపోతే నేను వాడికి ద్రోహం చేసినట్టు. చెబితే మనిషిని కాదు. అందుకని ఆ కేసు వదిలేస్తున్నా. వాడు ఎందుకని అడిగితే నా ఆరోగ్యం బాగాలేదంటా."

మందలించి ఉంటే బాగుండేది. తన తప్పుకి ఇంకొకడు కేసు పోగొట్టుకుంటున్నాడు, ఆపై అబద్ధం కూడా మోస్తున్నాడు. "ఆవిడకి చెప్పావా అన్నా?" అన్నాడు అమర్నాథ్. "చెబుతా" అన్నాడు త్రికోటేశ్వరరావు.

వాయిదాలు అడగడం అలవాటైన మనిషి. దీనికీ వాయిదాలే వేసుకున్నాడు. రేపు ఫోన్ చేద్దాం, ఫోన్లో చెప్పే మాట కాదు, వచ్చినప్పుడు చెబుదాం, ఎవరూ బయట అనకపోతే అసలు చెప్పాల్సిన పనేముంది. బార్ రూములో ఆయన వెళ్ళి కూర్చుంటే మాటలు ఆగిపోయేవి. టీ కప్పు అందించేవాళ్ళు, కుశలం అడిగేవాళ్ళు, కానీ కేసుల సంగతి ఆయన ముందు ఎత్తేవాళ్ళు కాదు. ఒకసారి ఒక కక్షిదారు ఏదో చెప్పబోతూ బల్ల మీది ఫోను వంక చూసి ఆగాడు. ఆ మనిషికి ఏం తెలుసో, అసలు తెలుసో లేదో గానీ, త్రికోటేశ్వరరావు ఫోను తీసి సొరుగులో పెట్టేశాడు.

ఆ ఆదివారం ఉండబట్టలేక వినుకొండ మీదుగా నూజెండ్ల వెళ్ళాడు. కక్షిదారు ఇంటికి తనంతట తాను వెళ్ళడం ఆయనకి అలవాటు లేదు. దారంతా ఎట్టా మొదలుపెట్టాలో కూర్చుకుంటూనే ఉన్నాడు. తలుపు తీసింది ధరణి. పరీక్షలు రాస్తూ గుంటూరు హాస్టల్లో ఉండాల్సిన పిల్ల. ఆ పిల్లని చూడగానే కూర్చుకున్న మాటలన్నీ పోయాయి.

మల్లీశ్వరి మంచం మీద కూర్చుని ఉంది. అప్పటికే ఒక విడత మందు ఎక్కించారు. కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"అమ్మా, ఆ రోజు..."

"తెలుసు" అందామె. "మా చిన్నాన్న కోడలు హాస్టలుకి ఫోన్ చేసింది, మీ అమ్మకి కేన్సరంట గదా అని. పిల్ల పరీక్ష వదిలేసి బస్సెక్కి వచ్చింది. ఎవరన్నారే అని ఆరా తీస్తే, ఒకరి మీద ఒకరు చెప్పుకుని చివరికి ఏదో ఫోన్ క్లాసు దగ్గర తేలింది. మా తమ్ముడు మనుషుల్ని పంపాడు, రోడ్డు పక్క ముక్క కాదు, వాగు అవతలది తీసుకోమని."

"నాదే తప్పమ్మా. మైకు ఆపడం మర్చిపోయా."

"మర్చిపోతారు. మనుషులం" అంది. కాస్త ఆగి అడిగింది, "ఆ పిల్ల వచ్చి చెప్పినప్పుడు, నేను ఎదురుగానే కూర్చున్నా గదా. ఏందని అడిగా గదా?"

"అడిగావమ్మా" అన్నాడు ఆయన.

"అప్పుడే చెప్పుంటే ఆ బస్సుకే గుంటూరు పోయి నా బిడ్డకి నా నోటితో చెప్పుకునేదాన్ని. పక్కన కూర్చుని చెప్పేదాన్ని. అదొక్కటే నాకు."

ధరణి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఏడవలేదు, తిట్టలేదు. ఆయన వెళ్ళేదాకా ఆయన చెప్పుల వంకే చూసింది.

కేసు కాగితాలు రోహిణికి ఇవ్వమంది మల్లీశ్వరి. మర్నాడు ఆయనే స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాడు, వకాల్తా వదులుకున్నానని సంతకం పెట్టాడు. తర్వాత ఆదినారాయణ ఇంటికి వెళ్ళి, ఆ మెసేజి అబద్ధమని, లోపం ఫోనుది కాదని, ఏ క్లాసూ తాను విననే లేదని చెప్పాడు. తన ఆఫీసు గోడ మీది ఫ్రేములు తీయించేశానన్నాడు. ఆదినారాయణ, "క్లాసు ఆపెయ్యడం నాకు ముందే తట్టి ఉండాల్సింది" అన్నాడు. తన తప్పులో పెద్దాయన వాటా అడుగుతుంటే త్రికోటేశ్వరరావుకి అక్కడ కూర్చోవడం కష్టమైంది.

దావా మాత్రం మొండిగానే నడిపింది రోహిణి. వాగు అవతలి ముక్క వద్దంది. అమర్నాథ్ వదిలేశాక వచ్చిన కొత్త ప్లీడరు కుదురుకునే లోపు నాగేశ్వరరావు కూడా విసిగిపోయాడు. లోక్ అదాలత్‌లో రోడ్డు పక్క పొలంలో సగానికి రాజీ కుదిరింది. న్యాయంగా రావాల్సిన దానికన్నా తక్కువే. ధరణి వదిలేసిన పరీక్ష మళ్ళీ రాసింది. ఒక ఏడాది మాత్రం పోయింది.

రాజీ రోజున త్రికోటేశ్వరరావు వేరే పని మీద కోర్టులో ఉన్నాడు. మెట్ల దగ్గర మల్లీశ్వరి ఎదురైంది. తలకి నూలు గుడ్డ కట్టుకుంది, మనిషి సగానికి సగం చిక్కిపోయింది. తప్పుకుందామని చూశాడు, దారి లేదు.

"బాగున్నారా లాయరుగారూ?" అంది ఆమె, ఎప్పటిలాగే.

ఆయన తల ఊపాడు. ఆమె కూతురి భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే, నల్లకోటు తీసి చేతి మీద వేసుకుని, వాళ్ళు గేటు దాటేదాకా అక్కడే నిలబడ్డాడు.