కాళ్లకు మొక్కిన మొక్కు

సెలవులకు వచ్చినప్పుడల్లా మీ వీపుకు చెవి ఎందుకు ఆనిస్తానని ఫోనులో అడిగావు కదా చిన్నోడా. మీకు చక్కిలిగింత, నాకు భయం తీరడం, అంతే. అది మీ అమ్మతో మొదలైంది.

అప్పుడు పాకాలలో ఉండేవాళ్లం. మీ అమ్మ చిన్న తరగతుల్లో ఉంది. గొంతునొప్పి వచ్చి తగ్గిందనుకున్నాక జ్వరం పట్టుకుంది. ఒకరోజు మోకాలు వాస్తే, ఆ వాపు తగ్గేలోపు మడమ వాచేది. అడుగు వేయలేకపోయింది. కాళ్లు బాగైతే, పిల్ల తన కాళ్లతోనే అలిపిరి నుంచి కొండ ఎక్కుతుందని మొక్కుకున్నాను.

వాపులు తగ్గాయి. తిరుపతిలో డాక్టరుకు ఒకసారి చూపించి, అట్నుంచి అటే కొండకు పోదామని నేనూ మీ అమ్మా మా అత్తా రైలెక్కాం.

డాక్టరు కాళ్లను ఊరికే తడిమి వదిలేశాడు. రొమ్ము మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. నా మొహం చూసి ఆ గొట్టం నా చెవులకు తగిలించాడు.

"రెండు సప్పుళ్లు ఇనపడతాండాయా? గుండెలో పైగదులకీ కిందిగదులకీ నడుమ తలుపులుండాయమ్మా. అవి మూసుకునేది మొదటి సప్పుడు. నెత్తురు బయటికి పొయ్యే దోవలో తలుపులు మూసుకునేది రెండోది. ఆ రెండిటి నడుమ ఏమినపడతాది?"

పొయ్యిలో పచ్చికట్టెను ఊదినట్టు బుస్సుమంటోంది. తలుపు సరిగా మూసుకోక నెత్తురు వెనక్కి కారుతోందన్నాడు. కీళ్లకు వచ్చిన జ్వరమే గుండెనూ తాకిందట. నెలనెలా సూది వేయించాలి, పరుగులు వద్దు, మెట్లు వద్దు.

కొండో, అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

బయటికి రాగానే అత్త అంది. "మొక్కింది కాళ్లకి. కాళ్లు బాగైనాయి. సామికిచ్చిన మాట డాక్టరు మారుస్తాడా మే?"

ఆమెదీ భయమే. నడిపిస్తే గుండె ఏమవుతుందో, నడిపించకపోతే స్వామి ఏం చేస్తాడో.

మొక్కు తప్పే ధైర్యం నాకూ లేక అలిపిరికే పోయాం. నాలుగు మెట్లు ఎక్కించి, పిల్లను ఆపి రొమ్ముకు చెవి ఆనించాను. రెండు చప్పుళ్లూ విడిగా లేవు. నడుమ ఖాళీ లేకుండా బుస ఒక్కటే పరిగెడుతోంది. పిల్లను వీపున వేసుకున్నాను. అత్త ఏదో అనబోయి, నా చేతిలోని సంచి తను తీసుకుంది.

దారి పొడుగునా ఆ చిన్న రొమ్ము నా వీపును తడుతూనే ఉంది. ఆగిందేమోనని ఉలిక్కిపడి నిలబడేదాన్ని. కొట్టుకునేది నా గుండో దాని గుండో తెలిసేది కాదు.

"మా, నీ గుండె గట్టిగా కొట్టుకుంటాండాది. నన్ను దించుమా, నీక్కూడా సూదేస్తారు" అంది.

పైకి చేరాక దించి, ఆఖరి మెట్టు ఒక్కటి దాని కాళ్లతో ఎక్కించాను.

సూదులు ఏళ్లపాటు వేయించాం. మీ అమ్మ పెద్దదయ్యాక, ఇప్పుడు బుస వినబడటం లేదన్నాడు డాక్టరు. నాకు నమ్మకం కుదరలేదు. మీరు పుట్టాక మీ వీపులకూ చెవి ఆనించడం మొదలుపెట్టాను.

అత్త పోయేదాకా ఆ మొక్కు సంగతి ఆమెను అడుగుతూనే ఉన్నాను. ఆకు నములుతూ, పిల్ల బాగుండాది కదా అనేది. నేనడిగింది అది కాదు. ఎక్కింది నా కాళ్లు కదా. ఆ ఒక్క మెట్టుతో మొక్కు తీరినట్టేనా?