బటన్ల మీద తెలుగు రాసిన పెయింటర్ సార్

పోయిన మంగళవారం పొద్దున బోరబండలో బస్సు కోసం నిలబడి ఉంటే ఫోన్ మోగింది. ఫిల్మ్‌నగర్ బస్తీ నుంచి టైలరక్క.

"పెయింటర్ సార్ పోయిండు. లేవంగనే చాయ్ అడిగిండంట. వాళ్లామె చాయ్ పెట్టి తెచ్చేసరికి పానం పోయింది."

ఆఫీసుకు రానని చెప్పి, రోడ్డు దాటి అవతలి వైపు బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి ఆ ఇరుకు సందు నిండిపోయింది. ఒక పక్క నెరిసిన జుట్టు పెద్దమనుషులు, ఒకప్పుడు సినిమా బ్యానర్లు, కటౌట్లు రాసినవాళ్లు. ఇంకో పక్క బస్తీ ఆడవాళ్లు. ఒక పక్కవాళ్లకు ఇంకో పక్కవాళ్లు ఎందుకింత ఏడుస్తున్నారో అర్థం కావడం లేదు. ఒక పెద్దాయన నన్ను మెల్లగా అడిగారు. "నువ్వేమవుతావమ్మా ఆయనకి?"

"నేనే ఆయనకు కంప్యూటర్ నేర్పిన సార్" అన్నాను. ఆయన వింతగా చూశారు. చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే. ఆ మిగతా సగం చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇరవై ఏళ్లు దాటిన మాట. మాదాపూర్ వైపు అద్దాల బిల్డింగులు ఒకదాని వెనక ఒకటి లేస్తున్న రోజులు. డిగ్రీ అయిపోయి, ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, ఆ బిల్డింగుల్లో నాలుగు ఇంటర్వ్యూలకు పోయి, నాలుగింట్లోనూ ఇంగ్లీషు దగ్గర నోరు పెగలక తిరిగొచ్చాను. అప్పుడే నగరపాలక సంస్థ ఆఫీసుల్లోకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాతవాటిని బస్తీలకు ఇస్తున్నారని, నేర్పడానికి మనిషి కావాలని తెలిసింది. అడిగాను, ఇచ్చారు.

ఫిల్మ్‌నగర్ బస్తీలో ట్రాలీ ఆటో నుంచి ఎనిమిది కంప్యూటర్లు, ఒక ప్రింటర్ దిగాయి. వెనక తెల్ల పెయింటుతో ఆఫీసు నంబర్లు, పాతబడి పసుపు రంగుకు తిరిగిన మానిటర్లు. కమ్యూనిటీ హాల్లో వరసగా పెట్టి, అగరొత్తి వెలిగించి, కొబ్బరికాయ కొట్టి కూర్చున్నాను. మనిషి రాడు. ఆడవాళ్లు నీళ్ల బిందెలతో పోతూ గుమ్మంలోంచి తొంగిచూసి, నేను రమ్మనేలోపే వెళ్లిపోయేవాళ్లు.

నాలుగో రోజు ఒకాయన వచ్చారు. అరవై దగ్గర పడ్డ మనిషి, లుంగీ, తెల్ల బనియను, గోళ్ల చుట్టూ రంగు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కంప్యూటర్ చుట్టూ తిరిగి, వెనక్కి వంగి చూశారు.

"ఏంటమ్మాయ్, బొమ్మ ముందు పడుతోంది కదా, ఇంత వెనక భాగం ఎందుకు దీనికి?"

నాకు తెలియదు. తెలియదని చెబితే పరువు పోతుందని "లోపల మెమరీ ఉంటది సార్" అన్నాను.

"మరి కింద ఈ డబ్బాలో ఏముంటుంది?"

"అండ్ల కూడ మెమరీనే."

ఆయన నా మొహంలోకి చూసి నవ్వారు. "నీకూ తెలీదు. పర్లేదు టీచరమ్మా, తెలిసినవాళ్లెవరో కనుక్కో, నేను రేపొస్తాను."

ఆ సాయంత్రం నేను కోర్సు చేసిన చోటికి పోయి మా సార్‌ని అడిగాను. అది పిక్చర్ ట్యూబు అని, లోపల వెనక నుంచి అద్దం మీదికి కిరణాలు కొడుతుందని చెప్పారు. మర్నాడు పెయింటర్ సార్ తొమ్మిదిన్నరకే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పాఠం విన్నట్టు విని, "చూశావా, నిన్న నీకు తెలీదు కాబట్టి ఇవాళ ఇద్దరికీ తెలిసింది" అన్నారు.

ఆయనది గోదావరి వైపు. చిన్నప్పుడే బెజవాడలో బ్యానర్ల కంపెనీలో రంగులు కలపడానికి చేరారు. తరవాత మద్రాసు. సినిమావాళ్లు హైదరాబాద్ తరలివస్తే వాళ్ల వెనకే ఈ ఫిల్మ్‌నగర్ గుట్ట మీదికి. నలభై అడుగుల కటౌట్లకు మొహాలు వేసిన చెయ్యి. ఫ్లెక్సీ ప్రింటింగ్ వచ్చాక రెండేళ్లలో ఆ పని పోయింది. అప్పటికి జూబ్లీహిల్స్‌లో టులెట్ బోర్డులు, షాపుల షట్టర్లు రాస్తున్నారు.

ఆయన అడిగింది ఒకటే. తన పని తీసుకుపోయిన ఈ వస్తువు బొమ్మ ఎలా వేస్తుందో చూడాలి. నేను పెయింట్ అనే ప్రోగ్రామ్ తెరిచి మౌస్ చేతికిచ్చాను. మొదట్లో గీత వంకర్లు పోయేది. "చెయ్యి ఒకచోట, బొమ్మ ఒకచోట. ఏం వ్యవహారం ఇది!" అని విసుక్కునేవారు, కానీ లేచేవారు కాదు. వారం తిరిగేసరికి ఒక కన్ను వేశారు. కనుపాపలో వెలుగు చుక్కతో సహా ఆ కన్ను నన్నే చూస్తోంది. ఇంకా దగ్గరగా చూపించమంటే పెద్దది చేశాను. ఇంకా అన్నారు. ఇంకా పెద్దది చేశాను. కన్ను మాయమై గళ్లు మిగిలాయి. నల్ల గడి, బూడిద గడి, తెల్ల గడి.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"గళ్లు! ఇవీ గళ్లే! అమ్మాయ్, మేమూ ఇంతే కదా చేసేది. ఫొటో మీద చిన్న గళ్లు కొట్టి, బ్యానర్ మీద పెద్ద గళ్లు కొట్టి, గడి తరవాత గడి నింపుకుంటూ పోతాం. ఇది మా పనేనే!"

"కోపం రాదా సార్ దీని మీద?" అడిగేశాను.

"బాధ లేదని కాదమ్మా. కన్ను సరిగ్గా వేయడం నేర్చుకోడానికి నాకు పదేళ్లు పట్టింది. ఇది క్షణంలో వేస్తోంది. కానీ బాధపడుతూ ఇంట్లో కూర్చుంటే ఈ సంగతి నాకెప్పుడు తెలిసేది?"

రెండు నెలలు గడిచినా నా దగ్గరికి వచ్చేది ఆయనతో కలిపి ముగ్గురే. సూపర్‌వైజర్ మేడమ్ వచ్చి రిజిస్టర్ చూశారు. "ఇలా అయితే కష్టమమ్మా. వేరే బస్తీవాళ్లు సిస్టమ్స్ అడుగుతున్నారు. నెక్స్ట్ మంత్ షిఫ్ట్ చేసేస్తాం" అన్నారు. అది నా మొదటి ఉద్యోగం. ఆమె పోయాక హాల్లోనే ఏడ్చాను.

పెయింటర్ సార్ ఓదార్చలేదు. "వీళ్లెందుకు రావట్లేదో నువ్వెప్పుడైనా అడిగావా?" అన్నారు. అడగలేదు. ఆయనే నన్ను నీళ్ల ట్యాంకర్ దగ్గరికి తీసుకుపోయారు. అక్కడ టైలరక్క లైన్లో ఉంది. సినిమా కంపెనీలకు డ్రెస్సులు కుట్టే ఆమె, ఏడో తరగతి దాకా తెలుగు మీడియం చదివింది.

"ఎందుకు రావాలె? నాకు తెలుగు చదవొస్తది, రాయొస్తది. గా బటన్ల మీద ఒక్కటన్న మన అక్షరం ఉన్నదా? గాడ కూసుంటే నేను చదువురాని దాని లెక్క కావాలె" అంది.

ఆ కంప్యూటర్లు ఆఫీసులో వాడినవి కాబట్టి తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్ వాటిలో అలాగే ఉంది. ఏ ఇంగ్లీషు బటన్ నొక్కితే ఏ తెలుగు అక్షరం వస్తుందో నా దగ్గర ఒక కాగితం ఉంది, అంతే. అది చూసుకుంటూ కొట్టడం నాకే కష్టం. ఆ కాగితం చూపించగానే ఆయన, "బటన్లు ఊడతాయా?" అన్నారు.

నాలుగు రోజులు పట్టింది. నేను స్క్రూడ్రైవర్‌తో బటన్లు ఊడదీయడం, ఆయన జీరో నంబర్ బ్రష్‌తో ఒక్కోదాని మీద అక్షరం దిద్దడం. గోరంత జాగాలో పైన ఒకటి, కింద ఒకటి. ఒత్తులకు ఎరుపు, హల్లులకు నలుపు, గుణింతాలకు నీలం. ఊపిరి బిగబట్టి గీత లాగి, అప్పుడు వదిలేవారు. పేపర్ పరిచి హాలు బయట ఎండలో ఆరబెట్టాం. పోయేవాళ్లు ఆగి వంగి చదవడం మొదలుపెట్టారు. "ఇగో, మా పిల్ల పేరుల అక్షరం!" అని ఒకామె అరిచింది.

మొదట కూర్చున్నది టైలరక్కే. 'అమ్మ' అని కొట్టింది. తెర మీద 'అన్న' అని పడింది. ఇంకోసారి కొట్టింది. మళ్లీ అన్నే.

"నేను అమ్మ అంటుంటే గిది అన్న అంటదేంది?"

హాలంతా ఒకటే నవ్వు. బటన్లు తిరిగి పెట్టేటప్పుడు 'మ', 'న' నేనే తారుమారు చేశాను. పక్కపక్కనే ఉండేవి. నేను సిగ్గుతో సరిచేయబోతే పెయింటర్ సార్ చెయ్యి అడ్డం పెట్టారు. రెండూ ఊడదీసి కింద చూశారు, మళ్లీ పెట్టి కొట్టి చూశారు. "అంటే పైన ఉన్నది ఉత్త బోర్డేనన్నమాట. బోర్డు మార్చినా లోపల షాపు మారట్లేదు!" అని మురిసిపోయారు.

నెల తిరిగి మేడమ్ వచ్చేసరికి వంతు కోసం గొడవ జరుగుతోంది. టైలరక్క కూతురి హాస్టల్ సీటు కోసం అర్జీ టైపు చేసుకుంటోంది. అంతకు ముందు అలాంటి కాగితానికి శ్రీనగర్ కాలనీ దాకా పోయి ఎవరినో బతిమాలేది. ప్రింటు చేతికి రాగానే మూడుసార్లు చదివి, మడత పడకుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. మేడమ్ ఒక కీబోర్డు ఎత్తి చూసి, "ఎవరు రాశారు ఇవి?" అన్నారు. పెయింటర్ సార్ అప్పటికే వెనక గుమ్మంలోంచి జారుకున్నారు. కంప్యూటర్లు అక్కడే ఉండిపోయాయి.

రంగు అరిగిపోతే మళ్లీ దిద్దడానికి నెలకోసారి వచ్చేవారు. ముందు అన్ని కీబోర్డులూ పరీక్షగా చూసేవారు. "ఎప్పుడు చూసినా సున్నా, కొమ్ము, పొల్లు, ఇవే అరుగుతున్నాయి. 'అ ఆ'లకు గీత పడలేదు. పేరు వాళ్లది, చాకిరీ వీళ్లది" అనేవారు, ఏదో రహస్యం పట్టేసినట్టు.

ఆ కంప్యూటర్లు ఐదేళ్లు పనిచేశాయి. ఒక్కోటీ మూలపడ్డాక సెంటర్ మూసేశారు. తెలుగు టైపింగ్ బాగా వచ్చినవాళ్లు కావాలని మాదాపూర్‌లో ఒక ఆఫీసు అడిగితే పోయాను. ఇంటర్వ్యూలో తెలియని ప్రశ్న వచ్చింది. "తెలియదండీ, కనుక్కుని రేపు చెప్తా" అన్నాను, తెలుగులోనే. ఉద్యోగం ఇచ్చారు. ఆ మాట నాకు ఎవరి నుంచి వచ్చిందో వాళ్లకు తెలియదు. ఆయనకు కూడా నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సింది.

రెండు నెలల కింద ఆయాసం ఎక్కువైతే బంజారా హిల్స్‌లో ఒక ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను. గుండె స్కానింగ్ చేశారు. ఎడమ పక్కకు తిరిగి పడుకోమంది అక్కడి అమ్మాయి. తెర ఆయన తల వెనక ఉంది.

"కాస్త ఇటు తిప్పుతావా అమ్మా? నా గుండెని నేనెప్పుడూ చూసుకోలేదు."

ఆ అమ్మాయి నా వంక చూసింది. నేను తల ఊపాను. తెర తిప్పింది. నల్లటి చీకట్లో ఏదో తెల్లగా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. తరవాత ఒక బటన్ నొక్కితే రంగులు వచ్చాయి. ఎరుపు ఒక వైపుకి ఎగసి, దాని వెంటే నీలం.

"ఈ ఎరుపేంటమ్మా?"

"మన వైపు వచ్చే రక్తం తాతగారూ. నీలం అటు పోయేది."

"నిజంగా నీలంగా ఉంటుందా?"

"ఉండదండీ. మనకి తెలియడానికి మిషన్ వేస్తుంది ఆ రంగు."

"ఓహో" అన్నారు. ఆయాసంతో ఛాతీ ఎగసిపడుతోంది. జెల్ పూసిన ఒంటి మీద దుప్పటి జారిపోయినా చూసుకోలేదు. పరీక్ష అయిపోయిందని ఆ అమ్మాయి చెప్పింది. ఆయన లేవలేదు. తల కొంచెం ఎత్తి, కళ్లు చిట్లించి, "ఇంకొక్క నిమిషం ఉంచమ్మా" అన్నారు. తెర మీద ఎరుపు, నీలం, ఎరుపు, నీలం.