పూల్ బాబాయ్ వేసిన మందు

వీధిలోని వరదనీళ్ళు మెట్లెక్కి, మొదటి అంతస్తు గడప కిందికి వచ్చి ఆగిపోయాయి. పైకి రావు, కిందికి పోవు. వాటి మీద చెప్పులు, దిండ్లు, ఎవరిదో స్టీలు గిన్నె తేలుతూ ఉన్నాయి.

ఆ మేడలో చిక్కుకున్నవాళ్ళందరికీ మొదటి అంతస్తు పెద్దాయన పూల్ బాబాయ్. ఊళ్ళోని ఈతకొలనులో నీళ్ళు శుభ్రం చేసే పని ఆయనది. జుట్టు నెరిసింది ఆ పనిలోనే.

కరెంటు పోయేముందు ఎవరో తొందరపడి మోటరు వేశారు. అప్పటికే సంపులోకి మురుగు దిగిపోయింది. ఆ కలగాపులగమంతా మేడ మీది ట్యాంకుకెక్కింది. ఇక తాగడానికి అవే నీళ్ళు.

"ఇన్నాళ్ళూ ఊళ్ళో వాళ్ళు ఒళ్ళు కడుక్కునే నీళ్ళకి మందేశావు కదా బాబాయ్, మేం తాగే నీళ్ళకీ కాస్త వెయ్యి" అన్నాడు పై వాటాలో ఉండే దర్జీ.

బాబాయ్‌కి ఆ మాట గర్వంగానే అనిపించింది. మంచం కింద బ్లీచింగ్ పౌడరు సంచి ఉంది. బాత్రూము కడగడానికని ఎప్పుడో కొలను నుంచి తెచ్చుకున్నది. మూతి కట్టి లేదు. గడ్డకట్టిన పౌడరును పిడికిట్లో నలిపి, బకెట్లో కలిపి, తేరిన నీటిని ట్యాంకులో పోశాడు. కొలను దగ్గరైతే గాజుగొట్టంలో చుక్కలు వేసి, రంగు చూసి, మందు చాలిందో లేదో తేల్చేవాడు. ఆ పెట్టె కొలనుతోపాటే మునిగిపోయింది. వాసన చూసి తేల్చుకుందామంటే, ఆయన ముక్కు ఆ వాసనను పట్టుకోవడం మానేసి ఏళ్ళయింది.

గ్లాసు ముంచి తెచ్చి భార్య ముక్కు దగ్గర పెట్టాడు.

"వస్తోందా?"

"రాకేం? పెళ్ళయిన దగ్గర్నించీ వస్తూనే ఉంది."

"వేళాకోళం కాదే. మందు వాసన వస్తోందా?"

"వస్తోందయ్యా మగడా. ముందా గ్లాసు అవతలికి తియ్యి."

ఆయన అన్ని వాటాలకూ వెళ్ళి చెప్పాడు. కాచక్కర్లేదు, గ్యాసు వంటకి దాచుకోండి, ధైర్యంగా తాగండి అన్నాడు. ఆయన మాట మీద అందరూ తాగారు.

ముందు దర్జీ తల్లి మంచం పట్టింది. వయసు మీద పడ్డ మనిషి, భయానికి అయి ఉంటుందిలే అనుకున్నారు. తర్వాత దర్జీ కూతురు. ఆ తర్వాత బాబాయ్ భార్య. బాత్రూముకీ మంచానికీ తిరిగి తిరిగి, చివరికి తిరిగే ఓపిక కూడా పోయింది ఆమెకి. కళ్ళు లోపలికి పోయాయి. నాలుక పిడచకట్టుకుపోయింది. వీధి చివర పడవ కనబడినప్పుడల్లా బాబాయ్ కిటికీలోంచి దుప్పటి ఊపాడు. ఒక్కటీ ఇటు తిరగలేదు. ఊపడం మానేసి వచ్చి మళ్ళీ గ్లాసు ఆమె నోటికి అందించేవాడు. అవీ ఆ ట్యాంకు నీళ్ళే.

కాస్త పంచదార ఉంటుందేమోనని దర్జీ భార్య దిగి వచ్చింది. బాబాయ్ భార్య అవస్థ చూసి, తనే ఆమె తల పైకెత్తి రెండు గుక్కలు పట్టించింది.

"ఇంకా పట్టించమ్మాయ్" అన్నాడు బాబాయ్ కిటికీ దగ్గర్నుంచి. "మందు వాసన ఉందని మొహం తిప్పుకుంటుంది. ఊరుకోకు."

"వాసనెక్కడుంది బాబాయ్? మాకెవరికీ రాలేదు. నీ చెయ్యి అంత వాటంగా పడిందని అనుకున్నాం."

ఆయన గ్లాసు అందుకోవడానికి దగ్గరికి వచ్చాడు. దర్జీ భార్య ముక్కు ఎగబీల్చింది.

"ఇదిగో, ఇప్పుడొచ్చింది. నీ చొక్కాదే. కొలనులో దిగినట్టుంది."

ఆమె పంచదార తీసుకుని వెళ్ళిపోయింది. బాబాయ్ తన చొక్కా వంక చూసుకున్నాడు. పనిలో వేసుకునే చొక్కా అది, భార్యకి గ్లాసు చూపించినప్పుడూ ఒంటి మీద ఉన్నది అదే. మిగతా బట్టలన్నీ వానకి తడిశాయి. సంచిలోంచి చిటికెడు పౌడరు తీసి, తడి చేసి, నల్ల గుడ్డ మీద రుద్దాడు. చాలాసేపు చూశాడు. రంగు వెలవాల్సిన గుడ్డ నల్లగానే ఉంది. మందులో సత్తువ ఎప్పుడో పోయింది.

మంచం మీంచి భార్య చూస్తోంది.

"పని చెయ్యలేదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. వాళ్ళ గ్యాసు అయిపోయింది. నీళ్ళు కాచాలంటే దర్జీ ఇంటి పొయ్యే గతి.

"చెప్పకు" అంది ఆమె. మాట పైకి రావడం లేదు. "నాకు వేన్నీళ్ళు కావాలని అడుగు, చాలు. చెబితే నిన్ను బతకనిస్తారా? పారిపోదామన్నా దారి లేదు."

ఆయన చొక్కా విప్పి పడేసి, గిన్నె పట్టుకుని మెట్లెక్కాడు. వేన్నీళ్ళు అనే మాట ఒక్కటే నోట్లో తయారుగా ఉంచుకున్నాడు. తలుపు తీసేసరికి, లోపల దర్జీ కూతురు నాన్న చేతిలోని గ్లాసు కోసం చెయ్యి చాపుతోంది.

"పట్టించకు!" అన్నాడు బాబాయ్. "నే వేసింది చచ్చిన మందు. ఆ నీళ్ళు తాగొద్దు."

దర్జీ గ్లాసు వెనక్కి తీశాడు.

"ధైర్యంగా తాగమన్నది నువ్వే కదయ్యా?"

"నేనే."

దర్జీ మీదికి వచ్చాడు. చొక్కా లేదు కాబట్టి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. భుజం మీద ఒక్క తోపు తోశాడు. బాబాయ్ గోడకి తగిలి, అక్కడే నిలబడ్డాడు. దర్జీ భార్య మధ్యకి వచ్చి గిన్నె లాక్కుంది.

"కొట్టుకోవడం తర్వాత. పొయ్యి మీద పెట్టాలి ముందు."

గిన్నెలో ట్యాంకు నీళ్ళు పోసి బుడబుడ మరిగించారు. మొదట పాపకి, తర్వాత ముసలావిడకి చల్లార్చి పట్టించారు. మిగిలినవి దర్జీ భార్య పంచదార, ఉప్పు కలిపి గిన్నెలోనే ఇచ్చింది.

"పిన్నికి పట్టించు. మళ్ళీ రా."

"నీళ్ళు దిగనీ" అన్నాడు దర్జీ. "అప్పుడు చెప్తా నీ సంగతి. ఎక్కడికీ పోకు."

"ఎక్కడికి పోతాను?" అన్నాడు బాబాయ్. ఎకసెక్కానికి అనలేదు.

మిగతా వాటాల తలుపులు కూడా తట్టి, అదే మాట చెప్పి, ఒక్కొక్క మొహం మారడం చూసి కిందికి దిగాడు.

"చెప్పేశావా?" అంది భార్య.

"ఆఁ."

ఆమె కళ్ళు మూసుకుంది. ఆయన చెంచాతో నీళ్ళు నోట్లో పోసి, కడుపులో నిలుస్తాయా లేదా అని మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. పైన తలుపులు తెరుచుకుంటున్నాయి. మెట్ల మీద అడుగులు, తిట్లు, ఎవరో తననే పిలుస్తున్నారు. ఆయన తల తిప్పకుండా ఇంకో చెంచా పోశాడు.