ఎదుటి పార్టీ ఇంట్లో మజ్జిగ

కొన్నేళ్ళ కిందట హోసూరు నుంచి కృష్ణగిరి పోయే బస్సులో నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. ఆ రోజు అసెంబ్లీ గొడవలతో వాయిదా పడింది. ముందు సీట్లోవాళ్ళు తప్పెవరిదని అరుచుకుంటుంటే ఆమె నవ్వి, తానూ ఒకప్పుడు పంచాయతీ మెంబరునేనని చెప్పింది.

"మా ఊర్లోనూ ఇదే కథప్పా. సగంమంది మా పార్టీ, సగంమంది ఆ పార్టీ. నీళ్ళ ట్యాంకు మా వీధిలో కట్టాలని మేము, కాదు మా వీధిలోనే అని వాళ్ళు. ఏ మీటింగూ ముగిసింది లేదు. ఆడోళ్ళంతా బిందెలెత్తుకొని నీళ్ళకి తోటల్లోకి పోతా ఉండిరి."

"మరి ఎట్లా తెగిందమ్మా?"

"నేనే ఆ పార్టీ పెద్దాయనింటికి పోయినాను. ట్యాంకు మీ వీధిలోనే కట్టుకోండప్పా, మొదటి పైపు మాత్రం మా వీధికి ఇయ్యండి అన్నాను. ఆయన లేచి లోపలికి పోయి నాకు మజ్జిగ తెచ్చిచ్చినాడు. అంతే, పని జరిగింది. మావాళ్ళు మాత్రం మళ్ళా నన్ను ఎలక్షన్లో నిలబెట్టలేదు."

"బాధగా లేదా?"

"ఉండాది. ఇంట్లో నీళ్ళు కూడా ఉండాయి కదా!"

గురుబరపల్లి స్టాపులో ఒక ముసలాయన ఆమె సంచి అందుకోవడానికి నిలబడి ఉన్నాడు.

"మజ్జిగిచ్చినాయనే" అంది లేస్తూ. "ఓటు ఇప్పుడూ ఆ పార్టీకే ఏస్తాడు."

బస్సు కదిలింది. ఆయన సంచి మోస్తూ, ఆమె చేతులు తిప్పుతూ, ఏదో వాదించుకుంటూ మామిడితోట పక్కన నడిచిపోవడం ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది.