పంజాగుట్ట ల్యాబ్‌లో బ్యాడ్జి గీకకుండా భోజనానికి వెళ్ళిన రోజు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించడం నా ఉద్యోగం. ఆ నీళ్ళలో మందుల అవశేషాలు తేల్చే మిషన్ మా దగ్గర లేదు. హైదరాబాద్ పంజాగుట్టలో ఒక పరిశోధనా సంస్థలో ఉంది, బయటి శాస్త్రవేత్తలకు ఒక్కరోజు వాడుకోనిస్తారు. నెలల తరబడి అడగ్గా అడగ్గా ఈ మధ్యే నా వంతు వచ్చింది. నాలాగే సీసాలు సర్దుకుని అక్కడికి బయల్దేరేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, ఈ ప్రయాణంలో నా మూలంగా ఒకావిడకు ప్రాణం మీదికి వచ్చింది.

రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి బేగంపేటలో దిగవచ్చు. ఐసు డబ్బాలో సీసాలు పెట్టుకుని స్టేషన్ బయటికి రాగానే ఆటో భాయ్ అమీర్‌పేటకి రెండువందలన్నాడు. "బాబోయ్, అదేంటి భాయ్, కనిపించేంత దూరానికి?" అంటే, "అక్కా, డబ్బా సుత ఉన్నది గదా, దానికేం లెక్కేస్తలేను" అని నవ్వాడు. నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. అమీర్‌పేటలో ఆడవాళ్ళ హాస్టళ్ళు గల్లీకి పది. రోజుకింతని తీసుకుని స్నానానికీ పడకకీ చోటిస్తారు, నాకు ఐదొందలైంది. అక్కణ్ణుంచి పంజాగుట్ట మెట్రోలో ఒకటే స్టేషను.

తొమ్మిదిన్నరకు ల్యాబ్ గేటు దగ్గర నిలబడ్డాను. లోపలికి వెళ్ళేసరికి పదకొండు దాటింది! ఫొటో తీశారు, వేలిముద్ర తీసుకున్నారు, సీసాలు ఒక్కొక్కటీ ఎత్తి చూశారు. ఫోను, హ్యాండ్‌బ్యాగు గేటు దగ్గరే లాకర్లో పెట్టించారు. చివరికి మెడలో ఎర్ర బ్యాడ్జి వేశారు. దానిమీద నా పేరు కింద, నాకు బాధ్యురాలిగా రిజ్వానా గారి పేరు. ఆవిడ ఆ మిషన్ చూసుకునే శాస్త్రవేత్త, పాతబస్తీ మనిషి. లోపలికి వెళ్ళేటప్పుడు బ్యాడ్జి గీకాలి, బయటికొచ్చేటప్పుడూ గీకాలి. బయటికి గీకామంటే ఆ రోజుకి అది పనిచేయదు. మళ్ళీ లోపలికి రావాలంటే మర్నాడు కొత్తగా అనుమతి తెచ్చుకోవాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏంటండీ ఇది, జైలా?" అన్నాను. రిజ్వానా గారు నవ్వేశారు. "ఫికర్ చేయకుండ్రి మేడం. మీ పని ఖతమయ్యేదాంక నేనున్న గదా."

మిషన్ కింద, నేలమాళిగలో ఉంది. సీసాలు ఎక్కించాక అది తన మానాన తాను నాలుగు గంటలు నడుస్తుంది. ఒంటిగంటకి రిజ్వానా గారికి మీటింగని పిలుపొచ్చింది. నన్ను ఒంటరిగా వదలకూడదని రూలు. అయినా నా మీద నమ్మకంతో, "జర గిక్కడ్నే కూసోండ్రి, జల్దీ వస్త" అని మిషన్ గది బయట కుర్చీ చూపించి వెళ్ళారు. మీటింగు తెమిలేలా లేదు. క్యాంటీన్‌కి వెళ్దామంటే అక్కడికీ తోడు ఉండాలట. పొద్దుటి నుంచి ఒక్క టీతో ఉన్నాను, కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. పైకొచ్చి పక్కగేటు దగ్గరున్న గార్డుని అడిగాను. పేరు యాదగిరి, అందరూ యాదన్న అంటారు.

"బయటికి గీకితే ఇయ్యాల్టికి మీ కథ ఖతం మేడం. గీకకుండ్రి. గిట్లకెల్లి పోయి తినొచ్చెయ్యిండ్రి. అందరు గట్లనే పోతరు," అంటూ చిన్నగేటు తెరిచాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. జేబులో ఉన్న నోట్లతో ఆటో ఎక్కి అమీర్‌పేటలో ఆంధ్రా మెస్సుకి వెళ్ళాను. భోజనం నూట ముప్పై. గోంగూర పచ్చడి, ముద్దపప్పు, వడ్డించే ఆయన "ఇంకొంచెం నెయ్యి వేయమంటారా అమ్మా?" అంటుంటే హాయిగా కూర్చుని తిన్నాను. ఫోను లేదు, గోల లేదు.

తిరిగొచ్చేసరికి ల్యాబ్ మనుషులంతా రోడ్డుమీదున్నారు. లోపల సైరన్ మోగుతోంది. నేలమాళిగలో నైట్రోజన్ గొట్టం పగిలిందని ఎవరో చెప్పారు. ఆ వాయువుకి రంగుండదు, వాసనుండదు. గదిలో గాలిని తోసేస్తుంది, మనిషి దగ్గకుండానే కూలిపోతాడు. సూపర్‌వైజర్ చేతిలో ట్యాబ్ పట్టుకుని, ఎవరెవరు బయటికొచ్చారో పేర్లు పిలుస్తున్నాడు. నా పక్కనున్న కుర్రశాస్త్రవేత్తని అడిగాను, "అందరూ వచ్చేశారా అండీ?"

"లేదండీ. ఎవరో భీమవరం మేడమట, లోపలే ఉండిపోయింది."

నా గురించే! తోసుకుంటూ వెళ్ళి సూపర్‌వైజర్ ముందు బ్యాడ్జి ఎత్తి చూపించాను. "నేనేనండీ, నేనే! నేను బయటే ఉన్నాను!"

ఆయన మొహం పాలిపోయింది. "మీరు గీకలేదు గదమ్మా! ట్యాబ్‌ల మీరు లోపలనే ఉన్నట్టు చూపిస్తున్నది. యాదగిరేమో రెండింటికి డ్యూటీ దిగి పోయిండు. మీకు ఫోను చేద్దామంటే లాకర్ల మోగుతున్నది."

"రిజ్వానా గారేరీ?"

"మీ కోసమే కిందికి ఉరికింది. అందరం ఆపినం. 'నా పేరు మీద వచ్చిన మనిషి, నేనే కూసోబెట్టి వచ్చిన' అన్నది."

రోడ్డుమీద అలాగే కూలబడ్డాను. ఖాళీ కుర్చీ కోసం ఒక మనిషి చావులోకి నడిచి వెళ్ళింది! నేనక్కడ నెయ్యి వేయించుకుంటున్నాను. వీపున సిలిండర్లు కట్టుకుని, మొహాలకి మాస్కులు పెట్టుకుని ఇద్దరు లోపలికి వెళ్ళారు. వాళ్ళు ఆవిడను మోసుకొచ్చేదాకా నేను ఏం చేశానో నాకే తెలియదు. మెట్ల దగ్గరే పడిపోయి ఉందట. పెదాలు నీలంగా ఉన్నాయి.

పంజాగుట్టలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు, సిగ్నల్ దాటితే వచ్చేస్తుంది. ఆక్సిజన్ పెట్టారు. చాలాసేపటికి రిజ్వానా గారు కళ్ళు తెరిచారు. మంచానికి ఒకవైపు సూపర్‌వైజర్, ఒకవైపు నేను. ఆవిడ నా వైపు చూడనేలేదు. మాస్కు పక్కకి లాగి ఆయన్ని అడిగింది.

"మేడం దొరికిందా? బాత్రూముల సుత చూద్దామనుకున్న. గంతల్నే కళ్ళు తిరిగినయి."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇక్కడే ఉన్నానని చెప్పడానికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. సాయంత్రానికి డాక్టరు ప్రమాదం లేదన్నాడు. రిజ్వానా గారి అన్నలు వచ్చి ఆవిడను ఇంటికి తీసుకెళ్ళారు. నా సీసాల పరీక్ష సగంలో ఆగిపోయింది. దాని గురించి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఆ రాత్రి రైల్లో నిద్ర పట్టలేదు. ఆ బ్యాడ్జి మనల్ని అనుమానించడానికి అనుకున్నాను. మనం ఎక్కడున్నామో ఎవరికీ తెలియనప్పుడు ఎవరో ఒకరు వెతకడానికి వెళ్తారు, ఆ వెళ్ళే మనిషి కోసం అది. యాదన్న మంచితనంతోనే గేటు తెరిచాడు, రిజ్వానా గారు మంచితనంతోనే నన్ను కూర్చోబెట్టి వెళ్ళారు. ఇంతమంది మంచివాళ్ళ మధ్య ఒక ప్రాణం పోబోయింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

వెళ్ళేవాళ్ళకి ఒకటే సలహా. గేటు దాటి అడుగు బయట పెడితే బ్యాడ్జి గీకండి. మళ్ళీ రానివ్వరు, ఆ రోజు పని పోతుంది, పోనివ్వండి. నీళ్ళు ఇంకోసారి పట్టుకెళ్ళొచ్చు.