మామ స్లో బంతికి రెండు హారన్లు

ఆ రోజుల్లో లోకంలోని అన్యాయమంతా ఎదుటి జట్టులోనే ఉంటుందని నాకు గట్టి నమ్మకం. ఖతార్‌కు కొత్తగా వచ్చి, అబూ హమూర్ దగ్గర మా కంపెనీ క్యాంప్‌లో మేనమామ గదిలోనే ఉండేవాణ్ణి. క్రికెట్ ఆడటం రాదు. బంతి నా వైపు వస్తే కళ్ళు మూసుకునేవాణ్ణి. అందుకని అభిమానిగా స్థిరపడ్డాను (దానికి ఆట రానక్కర్లేదు, గొంతు ఉంటే చాలు).

ప్రతి శుక్రవారం పొద్దున్నే క్యాంప్ వెనక ఇసుకలో మా సైటు జట్టుకీ, మదీనత్ ఖలీఫా ఇళ్ళలో పనిచేసే డ్రైవర్ల జట్టుకీ పోటీ. మావాళ్ళంతా కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళు. వాళ్ళంతా గోదావరి జిల్లాల వాళ్ళు. మా బలమంతా మామ స్లో బంతే. ఉరుక్కుంటూ వచ్చి చివర్లో మెల్లగా వదిలేవాడు. బ్యాటు ముందే తిరిగిపోయేది, బంతి తీరిగ్గా వచ్చి వికెట్లు పడగొట్టేది. అది వేసే ముందు టోపీ సర్దుకుని కీపర్‌కు సైగ చేసేవాడు. ఆ సైగ సంగతి "ఎవ్వలకు చెప్పకురా అల్లుడా" అని నాకొక్కడికే చెప్పాడు. (క్యాంప్‌లో ప్రతివాడికీ అలా ఒక్కడికే చెప్పాడని తర్వాత తెలిసింది.)

మామ వీసా క్యాన్సిల్ చేసుకుని ఊరికి వెళ్ళిపోయే చలికాలం అది. గెలిచి వెళ్ళాలని ఆయన ఆశ. సరిగ్గా అప్పుడే స్లో బంతికి సిక్సర్లు మొదలయ్యాయి. మామ టోపీ ముట్టుకోవడం ఆలస్యం, మైదానం పక్కన ఆగివున్న పెద్ద తెల్ల బండి రెండుసార్లు హారన్ కొట్టేది. అందులో వాళ్ళ వీరాభిమాని ఉండేవాడు, ఆయనా ఇంటి డ్రైవరే. మేడం ఫోన్ చేస్తే ఉన్నపళంగా వెళ్ళాలి కాబట్టి బండి దిగేవాడు కాదు. ఆయనకు మేం హారన్ అన్న అని పేరు పెట్టాం.

ఇక మా ఆవేశం చూడాలి. అందరం వాట్సాప్ స్టేటస్‌లో 'సైగల దొంగలు' అని పెట్టాం. వార్త ఊరిదాకా పోయింది. మా అత్త ఫోన్ చేసి, దుబాయ్‌లో మామ బంతిని ఎవరో ఎత్తుకుపోయారట కదా, పోలీసులకు చెప్పారా అని అడిగింది (మా ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే). మామ సైగ మార్చి చెవి పట్టుకున్నాడు, తర్వాత కాలర్ లాగాడు. అయినా హారన్ ఆగలేదు. ఇది ఇంటిదొంగ పనేనని తేల్చి, కడప నుంచి వచ్చిన మా వంటాయన్ని అనుమానించాం. ఆయన అలిగి పప్పులో ఉప్పు వేయలేదు (నిరసనో, మరుపో ఇప్పటికీ తెలియదు). మామ మాత్రం ఎవరినీ అనుమానించలేదు.

"వాళ్ళు దొంగలు గాదురా. నా బంతే పాతవడ్డది" అన్నాడు.

మామ ఆఖరి మ్యాచ్ రోజున తేల్చుకుందామని చాయ్ కప్పు కూడా పక్కన పడేసి బండి దగ్గరికి వెళ్ళాను. హారన్ అన్న తలుపు తీసి, ఇసుకలో నిలబడటం ఎందుకు, లోపల మెత్తని సీటు ఉంది రమ్మన్నాడు. నేను తిట్లు గుర్తు చేసుకుంటూనే ఎక్కి కూర్చున్నాను. ఆ ఎత్తు సీటు నుంచి ఎదురుగా మావాళ్ళంతా వరసగా కనిపించారు. మామ కాలర్ లాగాడు. అంతే, మా క్యాంప్ మొత్తం ఒక్కసారిగా వంగి చాయ్ కప్పులు నేల మీద పెట్టింది, వికెట్ పడగానే చప్పట్లు కొట్టడానికి. హారన్ అన్న రెండుసార్లు నొక్కాడు.

"మీ మావయ్య వైపు నేనెప్పుడూ చూళ్ళేదు తమ్ముడూ. అంతమంది కలిసి చెబుతుంటే వినకపోతే మర్యాదగా ఉండదు కదండీ" అన్నాడు.

కిందికి దిగి మామ చెవిలో చెప్పాను. ఆయన నవ్వు ఆపుకోలేక ఇసుకలో కూలబడ్డాడు. ఆఖరి ఓవర్లో ఆయన కాలర్ లాగలేదు. నేను తలూపితే మావాళ్ళంతా కప్పులు దించారు. హారన్ మోగింది. వాళ్ళ కెప్టెన్ స్లో బంతి కోసం నింపాదిగా నిలబడ్డాడు. మామ తన బలమంతా పెట్టి విసిరాడు. బ్యాటు లేచేలోపే వికెట్లు పడిపోయాయి, మేం గెలిచాం.

హారన్ అన్న మొదటిసారి బండి దిగి వచ్చాడు. "ఇది అన్యాయమండీ. మిమ్మల్ని నమ్ముకునే కదా హారన్ కొట్టాను" అన్నాడు. ఆ సాయంత్రం వాళ్ళ స్టేటస్‌లన్నిటిలోనూ మేమే దొంగలం.

మామను ఎయిర్‌పోర్టులో దింపింది కూడా ఆయనే, మేడంని అడిగి మరీ. మామ లోపలికి వెళ్తుంటే రెండు హారన్లు కొట్టాడు, నాకు కళ్ళు నిండాయి.

ఇప్పుడు నేను ఖతార్‌లోనే అల్ వక్రాలో ఉంటున్నాను, జుట్టు పల్చబడింది. సెలవు రోజుల్లో హారన్ అన్న వస్తాడు, ఇద్దరం టీవీలో మ్యాచ్ చూస్తాం. ఏ బౌలరైనా కాలర్ సర్దుకుంటే చాలు, నా చెయ్యి దానంతటదే కప్పు కింద పెట్టేస్తుంది. హారన్ అన్న పక్క నుంచి మెల్లగా "పాం పాం" అంటాడు. వేసేది మామ కాదని గుర్తొచ్చేసరికి చాయ్ చల్లారిపోతుంది.